ప్రైవేటు బడిలో ఏ పుస్తకం చదివించాలి? ప్రభుత్వ పుస్తకంలో తప్పుంటే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా అమ్మాయి రాష్ట్ర సిలబస్ ఉన్న ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి చదువుతోంది. బడివాళ్లు ప్రభుత్వ పుస్తకాలు వద్దని, ఒక ప్రైవేటు కంపెనీ సెట్టు తమ దగ్గరే కొనాలని అంటున్నారు. అసలు ఏ పుస్తకం చదివించాలో నిర్ణయించే అధికారం ఎవరిది? ఇంకో సంగతి. మా అన్నయ్య కొడుకు ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు. వాడి సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఒక తప్పు కనిపించింది. దాన్ని దిద్దించడానికి హైకోర్టుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. ఆ పుస్తకాన్ని ఆమోదించింది ఎవరు, ఏ అధికారంతో ఆమోదించారు? ఇది తేల్చుకోకుండా బడిని నిలదీసినా, కోర్టు మెట్లెక్కినా పని జరగదు.

చదువు ఒకప్పుడు ప్రధానంగా రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలో 25వ అంశంలోకి వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 29(1) సెక్షన్ ప్రకారం, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం ఎలా ఉండాలో నిర్ణయించాల్సింది ప్రభుత్వం నోటిఫై చేసిన విద్యాసంస్థ. కేంద్రానికి అది జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి అయిన ఎన్‌సీఈఆర్‌టీ, మన రెండు రాష్ట్రాల్లో అలాంటివే అయిన రాష్ట్ర మండళ్లు, అంటే ఆయా ఎస్‌సీఈఆర్‌టీలు. అయితే ఈ సెక్షన్‌లో పాఠ్యపుస్తకాల ప్రస్తావన నేరుగా లేదు. ‘29వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పుస్తకమే వాడాలి’ అని ఒక్క ముక్కలో ఫిర్యాదు రాస్తే అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. సిలబస్‌తో పాటు పాఠ్యపుస్తకాలు తయారుచేసే బాధ్యతను ఆ సంస్థకు అప్పగించేది చట్టం కింద చేసిన నియమాలు. ఆ ప్రణాళికను పాటిస్తామన్న షరతు మీదనే బడికి గుర్తింపు వస్తుంది. కాబట్టి మీ అర్జీలో చట్టం, నియమాలు, గుర్తింపు షరతు మూడూ కలిపి రాయండి. 9, 10 తరగతులు విద్యాహక్కు చట్టం పరిధిలోకి రావు. వాటికి 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం, పదో తరగతి పరీక్షల నిబంధనలు ఆధారం.

పుస్తకాలను నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉందా అన్న ప్రశ్న 1955లోనే తేలింది. అంతకుముందు పంజాబ్‌లో ప్రైవేటు ప్రచురణకర్తల పుస్తకాలు ఆమోదిత జాబితాలో ఉండేవి, హెడ్మాస్టర్లు అందులోంచి ఎంచుకునేవారు. 1950 నుంచి విద్యాశాఖ ఆ జాబితాను కుదిస్తూ వచ్చింది. 1952లో ప్రచురణకర్తలను పూర్తిగా తప్పించి రచయితల నుంచే రాతప్రతులు పిలిచింది. కాపీరైటు ప్రభుత్వానిది, రచయితకు 5 శాతం రాయల్టీ. ప్రచురణకర్తలు సుప్రీంకోర్టుకెళ్లారు. రామ్ జవాయా కపూర్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం రెండు మాటలు చెప్పింది. ఇలాంటి పని చేయడానికి ప్రభుత్వానికి ప్రతిసారీ ప్రత్యేక చట్టం అక్కర్లేదు. నా పుస్తకాన్నే బడుల్లో పెట్టాలని అడిగే ప్రాథమిక హక్కు ఏ ప్రచురణకర్తకూ లేదు. ‘మాకు నచ్చిన కంపెనీ పుస్తకాలు పెట్టుకునే స్వేచ్ఛ మాకుంది’ అని బడి యాజమాన్యం వాదిస్తే ఈ తీర్పును గుర్తుచేయండి.

ఇక మీ అమ్మాయి బడి సంగతి. రాష్ట్ర సిలబస్‌తో గుర్తింపు పొందిన బడి ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని పూర్తిగా పక్కనపెట్టి వేరే పుస్తకం చెప్పడం గుర్తింపు షరతుకు విరుద్ధం. అదనంగా ఒక వర్క్‌బుక్కో, గ్రామర్ పుస్తకమో పెడితే మాత్రం దాన్ని నేరుగా తప్పు పట్టడం కష్టం. బడివాళ్లు అడిగిన వెంటనే ‘అదనపు సామగ్రి మాత్రమే సార్’ అంటారు. అది అబద్ధమని చూపాల్సింది మీరు. అందుకు అమ్మాయి నోట్సు, హోంవర్కు డైరీ, యూనిట్ టెస్టు ప్రశ్నపత్రాలు దాచండి. నోట్సులో పాఠాల వరుస ఏ పుస్తకాన్ని అనుసరిస్తోందో చూస్తే విషయం బయటపడుతుంది. టర్ము చివర జరిగే సమ్మేటివ్ పరీక్షల ప్రశ్నపత్రాలు ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని బట్టే తయారవుతాయి. ఏడాదంతా ఇంకో పుస్తకం చదివిన పిల్ల ఆ పరీక్షలో తెల్లమొహం వేస్తే తప్పు పిల్లది కాదు. ఈ మాట అర్జీలో తప్పకుండా రాయండి. అధికారులు దీన్ని పట్టించుకుంటారు.

బడివాళ్లను నోటిమాటగా అడగకండి. ‘ఏడో తరగతికి మీరు నిర్దేశించిన పుస్తకాల జాబితా, ప్రచురణకర్త పేరు, ధరలతో రాతపూర్వకంగా ఇవ్వండి’ అని ఉత్తరం ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. డబ్బు కట్టక తప్పకపోతే విడివిడి ధరలున్న బిల్లు అడగండి. అచ్చుపుస్తకాలకు జీఎస్టీ లేదు. బ్యాగు, బెల్టు, పుస్తకాలు అన్నీ కలిపి ‘కిట్’ పేరుతో ఒకే మొత్తం వేసి పన్ను కలిపితే అక్కడే అడగవచ్చు. బడిలో పుస్తకాలు, నోట్‌బుక్కులు అమ్మితే లాభం లేకుండా, నష్టం లేకుండా ఇవ్వాలని, యూనిఫాం, బూట్లు అసలే అమ్మకూడదని 2024లో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మీ జిల్లాలోనూ అలాంటి ఉత్తర్వు ఉందేమో జిల్లా విద్యాధికారి (డీఈఓ) కార్యాలయంలో కనుక్కుని, ఉంటే దాని నంబరు, తేదీ ఫిర్యాదులో రాయండి. ఫిర్యాదు ముందు మండల విద్యాధికారికి ఇచ్చి, నకలు డీఈఓకు పంపండి. బడి గుర్తింపు ఉత్తర్వు నకలును సమాచార హక్కు చట్టం కింద డీఈఓ కార్యాలయం నుంచే తీసుకోవచ్చు. అది చేతిలో ఉంటే మీ ఫిర్యాదుకు బలం.

సీబీఎస్‌ఈ బడుల్లో పిల్లలున్న పాఠకుల కోసం ఒక మాట. బోర్డు 2024 ఆగస్టులో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం 9 నుంచి 12 వరకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తప్పనిసరి. 1 నుంచి 8 వరకు గట్టిగా సిఫారసు చేసింది, తప్పనిసరి చేయలేదు. ప్రైవేటు పుస్తకం పెడితే ఆ జాబితాను బడి వెబ్‌సైట్లో పెట్టాలి. ఆ పుస్తకాలను చదివి చూశామని, వాటికి బాధ్యత తమదేనని మేనేజరు, ప్రిన్సిపాల్ సంతకాలతో ప్రకటన కూడా ఉండాలి. నా సలహా, ముందు ఆ సంతకాల కాగితం చూపించమనండి. తెలంగాణలో తెలుగును తప్పనిసరి చేసిన 2018 చట్టం సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడులకూ వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతులకు సరళ తెలుగు ‘వెన్నెల’ వాచకాన్ని ప్రభుత్వం 2025లో నిర్దేశించింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. తప్పున్న పుస్తకం ముందు తీసుకుని లోపలి అట్ట తర్వాతి పేజీలు తెరవండి. చాలామంది చూడని చోటు అది. మొదటి ముద్రణ ఏ ఏడాది, పునర్ముద్రణలు ఎప్పుడెప్పుడు, కాపీరైటు ఎవరిది (మన పుస్తకాల్లో పాఠశాల విద్యా సంచాలకుల పేరున ఉంటుంది), లోపలి కాగితం (చదరపు మీటరుకు బరువు లెక్కలో) ఎన్ని జీఎస్‌ఎం, అట్ట ఎన్ని జీఎస్‌ఎం, హైదరాబాద్ మింట్ కాంపౌండ్‌లోని ప్రభుత్వ పాఠ్యపుస్తక ముద్రణాలయం పేరు, అన్నీ అక్కడే ఉంటాయి. దాని పక్కనే రెండు రకాల కమిటీలు కనిపిస్తాయి. పాఠాలు రాసినవాళ్లు, సంపాదకులు, విషయ నిపుణులు, సమన్వయకర్తలు ఒకవైపు. ప్రచురణ బాధ్యత చూసే ఎస్‌సీఈఆర్‌టీ డైరెక్టర్, ముద్రణాలయం డైరెక్టర్, ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తక విభాగం అధిపతి ఇంకోవైపు.

పుస్తకం తయారయ్యే క్రమం ఈ రెండు జాబితాల్లోనే ఉంది. ముందు రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రం వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో అది 2011లో వచ్చింది. దాని మీద సిలబస్, సిలబస్ మీద రచన. టీచర్లు, డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులు వర్క్‌షాపుల్లో పాఠాల ముసాయిదాలు రాస్తే సంపాదకులు, నిపుణులు దిద్దుతారు. చివరికి డీటీపీ అయి అచ్చుకు సిద్ధమైన ప్రతి తయారవుతుంది. దానికి ఆమోదం వచ్చాక ముద్రణ. ఆ చట్రం ఆధారంగా 1, 2, 3, 6, 7 తరగతుల కొత్త పుస్తకాలు 2012–13లో, 4, 5, 8, 9 ఆ మరుసటి ఏడు, పదో తరగతి 2014–15లో వచ్చాయి. ఆ తర్వాత ఏటా వచ్చినవి ఎక్కువగా పునర్ముద్రణలే.

తప్పు ఈ క్రమంలో ఎక్కడ జరిగిందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. 2023లో తెలంగాణ పదో తరగతి సాంఘిక శాస్త్రం అట్ట మీద రాజ్యాంగ ప్రవేశిక ‘సామ్యవాద, లౌకిక’ అన్న మాటలు లేకుండా అచ్చయింది. 1976 సవరణకు ముందున్న ప్రవేశిక బొమ్మ వాడడం వల్ల వచ్చిన తప్పు అది. పాఠం రాసినవాళ్లకు దాంతో సంబంధం లేదు, అట్ట డిజైను దశలో సరిచూడలేదు. 2024 జూన్‌లో తెలుగు వాచకాల ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరు అలాగే వచ్చింది. పంచిన పుస్తకాలు వెనక్కి తీసుకుని ఆ పేజీ కనిపించకుండా అంటించి మళ్లీ ఇచ్చారు. పునర్ముద్రణకు పంపేముందు మొదటి పేజీలు ఎవరూ చదవకపోతే జరిగేది ఇదే. పిల్లల చేతికి వెళ్లే పుస్తకం విషయంలో ఇంత అలసత్వం క్షమించరానిదని నా అభిప్రాయం. అయితే ఈ రెండు సందర్భాల్లోనూ కోర్టు అవసరం రాలేదు. తప్పు కళ్లకు కనిపించేది కావడంతో శాఖే కదిలింది.

మీరు చూసిన తప్పు ఏ రకమో ముందు తేల్చుకోండి. తేదీ, పేరు, పటం, లెక్క లాంటివి తప్పయితే అది వాస్తవ దోషం, రుజువు చూపితే దిద్దుతారు. ఒక నాయకుడి గురించి తక్కువ రాశారు, ఒక ఉద్యమాన్ని ఇంకోలా చెప్పారు అంటే అది అభిప్రాయ భేదం. దానిమీద హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థకు ఆదేశమివ్వమని కోరే పిటిషన్) వేస్తే దాదాపు ఖాయంగా కొట్టేస్తారు. పాఠంలో ఏముండాలన్నది నిపుణులు తేల్చాల్సిన పని అని కోర్టుల వైఖరి.

కోర్టు జోక్యం చేసుకునేది పద్ధతి తప్పినప్పుడు. ఇక్కడా ఒక గీత ఉంది. 2002లో అరుణా రాయ్ కేసులో జాతీయ పాఠ్యప్రణాళికా చట్రాన్ని కేంద్ర విద్యా సలహా మండలిని సంప్రదించకుండా తెచ్చారని వాదించారు. ఆ మండలి చట్టం ద్వారా ఏర్పడింది కాదు కాబట్టి సంప్రదించకపోయినంత మాత్రాన చట్ట ఉల్లంఘన కాదని సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టమే అడ్డొచ్చినప్పుడు ఫలితం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో బోధనను ఇంగ్లిష్ మీడియంలోకి మార్చిన 81, 85 జీవోలను హైకోర్టు 2020 ఏప్రిల్ 15న కొట్టేసింది. విద్యాహక్కు చట్టం 29(2) సెక్షన్ సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలంటోంది, ఆ జీవోలు దానికి విరుద్ధమన్నది ప్రధాన కారణాల్లో ఒకటి. తర్వాత ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తమిళనాడులో 2011లో ప్రభుత్వం మారగానే రాష్ట్ర బోర్డుల బడులన్నిటికీ ఒకటే అయిన ఉమ్మడి సిలబస్‌ను నిలిపేస్తే, అచ్చయిన పుస్తకాలను పది రోజుల్లో పిల్లలకు పంచాలని సుప్రీంకోర్టు ఆగస్టు 9న ఆదేశించింది. అభ్యంతరకరమైన భాగాలుంటే వాటిని మాత్రమే తొలగించుకోవచ్చని, మొత్తం పథకాన్ని ఆపడానికి అది కారణం కాదని తేల్చింది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఒకే పేజీ అర్జీ రాయండి. పుస్తకం పేరు, తరగతి, మీడియం, పునర్ముద్రణ సంవత్సరం, పేజీ, పేరా, వరుస ఇవ్వండి. అచ్చులో ఉన్న వాక్యాన్ని యథాతథంగా రాసి, కింద ఎలా ఉండాలో రాయండి. ఆధారంగా గెజిట్, సెన్సస్, సర్వే ఆఫ్ ఇండియా పటం లాంటి అధికారిక ప్రతి జతచేయండి. వికీపీడియా పేజీ ప్రింటు పెట్టకండి. అట్ట, లోపలి వివరాల పేజీ, తప్పున్న పేజీ నకళ్లు జోడించండి. హైదరాబాద్‌లోని ఎస్‌సీఈఆర్‌టీ డైరెక్టర్‌కు, నకలు పాఠశాల విద్యా సంచాలకులకు, రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఇది వేసవిలో చేస్తే లాభం లేదు. జూన్‌లో బడి తెరిచేసరికి పుస్తకాలు అందాలి కాబట్టి అచ్చు పని అంతకు చాలా ముందే మొదలవుతుంది. దసరా లోపు అర్జీ చేరితే వచ్చే ముద్రణలో దిద్దే అవకాశం ఎక్కువ.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ‘ఎందుకు దిద్దలేదు?’ అని అడగకండి. కాగితం మీద ఉన్న సమాచారమే ఇవ్వాలని, కొత్తగా అభిప్రాయాలు తయారుచేసి చెప్పనక్కర్లేదని సీబీఎస్‌ఈ–ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. రికార్డులు అడగండి: ఈ పుస్తకాన్ని ఆమోదించిన ఉత్తర్వు ధ్రువీకృత నకలు, ఈ ఏడాది పునర్ముద్రణకు అనుమతిచ్చిన నోట్ ఫైల్, నా అర్జీ మీద ఫైల్లో రాసిన నోట్సు, ఇప్పటిదాకా జారీచేసిన సవరణ పట్టిక. రుసుము రాష్ట్ర, జిల్లా కార్యాలయాల్లో 10 రూపాయలు, మండల కార్యాలయంలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీదా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఈ కాగితాలన్నీ చేతికొచ్చాక కూడా స్పష్టమైన వాస్తవ దోషాన్ని దిద్దడానికి శాఖ నిరాకరిస్తే, అప్పుడు రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. అందులోనూ ‘పాఠం మార్చమనండి’ అని కోరకండి. ‘నా అర్జీని ఫలానా గడువులోగా పరిశీలించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వమని ఎస్‌సీఈఆర్‌టీని ఆదేశించండి’ అని కోరండి. ఇలాంటి ఆదేశం ఇవ్వడానికి కోర్టు వెనకాడదు. ఆ ఉత్తర్వులో మీ ఆధారాలకు జవాబు లేకపోతే దాన్ని సవాలు చేసే అవకాశం మీకు మిగిలే ఉంటుంది.