చీర మీద నీటిరంగులు వేసే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. బొమ్మలు బాగా వేస్తుంది. కాగితం మీద వాటర్‌కలర్ పాకినట్టే చీర మీద రంగులు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయేలా వేయడం నేర్చుకుంటానని, అదే తన వృత్తి అని పట్టుబట్టింది. ఇప్పటికి రెండు చీరలు వేసింది. ఫ్యాబ్రిక్ పెయింట్‌తో వేసింది అట్టలా బిగుసుకుపోయింది. బజారు పొట్లం రంగుతో వేసింది చూడముచ్చటగా వచ్చింది గానీ మొదటి ఉతుకుకే సగం వెలిసిపోయింది. వాళ్ల నాన్నగారు బీటెక్‌లో చేరమంటున్నారు. ఈ పనిలో బతుకుతెరువు ఉందా? ఉంటే ఏ కోర్సులో చేర్చాలి?

జవాబు: అమ్మా, బతుకుతెరువు ఉంది. కానీ అది బొమ్మ వేసే చేతిమీద కంటే, వేసిన రంగు ఉతుకుకు నిలవడం మీద, అదే రంగును రెండోసారి అలాగే తేగలగడం మీద ఎక్కువ ఆధారపడుతుంది. మీ అమ్మాయికి బొమ్మ వేసే చేయి ఉంది, రంగు నిలిపే నేర్పు ఇంకా లేదు. ఆ నేర్పు రసాయనశాస్త్రం. ఎంపీసీ చదివింది కాబట్టి అందుకోవడం కష్టం కాదు. ఏ కోర్సు అనే మాట తేల్చే ముందు ఆ రెండు చీరలు ఎందుకు పాడయ్యాయో అర్థం చేసుకోవాలి. కోర్సును ఎంచుకునే కొలబద్ద కూడా అక్కడే దొరుకుతుంది.

ఫ్యాబ్రిక్ పెయింట్‌లో ఉండేది పిగ్మెంటు. అది నూలులోకి దిగదు, బైండర్ అనే జిగురుతో పైన అతుక్కుంటుంది. నీళ్లు ఎక్కువ కలిపి పల్చన చేస్తే జిగురు పట్టు తప్పుతుంది, చిక్కగా పూస్తే బట్ట బిగుస్తుంది. అందుకే దానితో గీతల బొమ్మలు బాగుంటాయి గానీ చీరంతా పరుచుకునే నీటిరంగు రాదు. ఇక చిన్న పొట్లాల్లో అమ్మే ఇంటి రంగులు చాలావరకు డైరెక్ట్ డైలు. ఉప్పు వేసి మరిగించే నీళ్లలో బట్ట ముంచితేనే అవి అంటుతాయి, చల్లగా కుంచెతో పూస్తే నిలవవు. తప్పు మీ అమ్మాయి చేతిది కాదు, రంగు రకానిది.

నూలు బట్టకు కావలసింది చల్లగా పనిచేసే రియాక్టివ్ డై. 1956లో ఐసీఐ కంపెనీ ప్రోసియన్ పేరుతో తెచ్చిన రకం ఇది. రంగుల దుకాణంలో అడిగేటప్పుడు ఎం రకం కావాలని చెప్పాలి. హెచ్ రకం ఇస్తే దానికి వేడి కావాలి, ఇంట్లో ఆ పద్ధతి పనిచేయదు. సోడా యాష్ (బట్టల సోడా) అనే క్షారంతో ఈ రంగు నూలులోని సెల్యులోజుతో నేరుగా బంధం వేసుకుంటుంది. అందుకే బట్ట మెత్తగానే ఉంటుంది, వెనకవైపు కూడా రంగు దిగుతుంది.

పద్ధతి ఇది. ముందు బట్టకు ఉన్న గంజి, మైనం పోయేలా సబ్బు, చిటికెడు సోడా యాష్ వేసి వేడినీళ్లలో ఉడికించాలి. ఆరాక ఒక నీటిబొట్టు వేస్తే రెండు మూడు సెకన్లలో ఇంకిపోవాలి. బొట్టు ముత్యంలా నిలిస్తే మళ్లీ ఉడికించాల్సిందే. తరవాత లీటరు నీళ్లకు 50 గ్రాముల సోడా యాష్ కరిగించి, బట్టను 15 నిమిషాలు నాననిచ్చి పిండాలి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. రంగు నీళ్లకు గోరువెచ్చని లీటరు నీళ్లలో 100 గ్రాముల యూరియా కలపాలి, బట్టలో చెమ్మను నిలిపేది అదే. యూరియా కరిగేటప్పుడు నీళ్లు చల్లబడతాయి కాబట్టే గోరువెచ్చనివి. బోరు నీళ్లు గట్టివైతే నీటి గట్టిదనం తగ్గించే కాల్గాన్ పొడి 5 గ్రాములు కూడా వేయాలి, లేకపోతే రంగు పొలుసుల్లా విరిగి చుక్కలు పడతాయి. ఈ నీళ్లు 100 మిల్లీలీటర్లకు లేతరంగైతే 1 గ్రాము, మధ్యస్తంగా అయితే 2, ముదురైతే 4 గ్రాముల డై. నలుపుకు దానికి రెట్టింపు పడుతుంది. 400 గ్రాముల మల్ కాటన్ (పల్చని మెత్తని నూలు) చీరకు అన్ని రంగులూ కలిపి ఇంచుమించు 400 మిల్లీలీటర్లు ఖర్చవుతాయి. కాబట్టి ప్రతి రంగూ మొదట్లోనే సరిపడా కలిపి పెట్టుకోవాలి. మధ్యలో అయిపోతే రెండోసారి కలిపిన రంగు మొదటిదానితో ఒకేలా రావడం అరుదు.

ఈ రంగు నీళ్లలో సోడా కలపకపోవడం ముఖ్యం. సోడా బట్టలో ఉంటే చాలు. రంగులోనే వేస్తే డై నీళ్లతోనే చర్య జరిపి మూడు నాలుగు గంటల్లో బలం కోల్పోతుంది. చూడటానికి అదే రంగులా కనిపిస్తుంది, ఉతికితే మొత్తం జారిపోతుంది. చాలామంది కొత్తవాళ్లు సాయంత్రం మిగిలిన రంగుతో మర్నాడు కొంగు వేసి మోసపోయేది ఇక్కడే. సోడా లేని రంగు నీళ్లు చల్లని చోట ఐదారు రోజులు ఉంటాయి.

ఇక అసలు విద్య రంగు పాకించడం. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ, గేదె పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్లే కలం గీత పక్కకు పాకదు. పాకకుండా ఆపడం వాళ్ల నేర్పు. మీ అమ్మాయికి కావలసింది దానికి తలకిందులు: పాకనివ్వాలి, ఎంతవరకు పాకాలో తనే నిర్ణయించాలి. ఆ అదుపు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి బట్ట తడి, రెండోది రంగు చిక్కదనం. చిక్కదనానికి సోడియం ఆల్జినేట్ అనే సముద్రపు నాచు పొడి వాడాలి. బియ్యపు గంజి, మైదా గంజి వద్దు. అవీ సెల్యులోజు వంటివే కాబట్టి రంగు బట్టను వదిలి గంజికే అంటుకుని, ఉతికినప్పుడు గంజితో పాటే పోతుంది.

మూడు సీసాలు పెట్టమనండి: ఆల్జినేట్ లేనిది, లీటరుకు 5 గ్రాములది, 10 గ్రాములది. సోడాలో నానబెట్టిన బట్టను మూడు రకాలుగా ఉంచాలి: నీడన పూర్తిగా ఆరింది, చేత్తో తాకితే చెమ్మ తగిలేది, నీళ్లు కారకుండా పిండిన తడిది. జానెడు ముక్కలు తొమ్మిది అవుతాయి. ఒక్కో దానిమీద ఒకే రంగు ఒక్క చుక్క వేసి పాకిన మేర స్కేలుతో కొలిచి రాయాలి. ఆరిన బట్ట మీద అంచు గట్టిగా నిలుస్తుంది, తడి బట్ట మీద పువ్వులా విచ్చుకుంటుంది. ఈ తొమ్మిది ముక్కల పట్టిక చేతిలో ఉంటే, ఆకు అంచు ఎక్కడ పదునుగా ఉండాలో, ఆకాశం ఎక్కడ కరిగిపోవాలో ముందే తెలుస్తుంది. రెండు మూడు డైలు కలిపి చేసిన ఆకుపచ్చ, నలుపు తడి బట్ట మీద అంచుల్లో విడిపోతాయి. ఒక్కో డై ఒక్కో వేగంతో పాకడమే కారణం. ఇది కొన్నిసార్లు అందమే, కావాలనుకున్నప్పుడు వచ్చినదైతేనే.

వేసిన రంగు తడిగా ఉన్నంతసేపే చర్య జరుగుతుంది. మన ఎండాకాలంలో పల్చని మల్ అరగంటలో ఆరిపోతుంది, యూరియా ఉన్నా సరే. అందుకని రంగు కదలడం ఆగాక, ఇంకా చెమ్మ ఉండగానే ప్లాస్టిక్ షీటు కప్పి 12 నుంచి 24 గంటలు ఉంచాలి. ముందే కప్పితే లోపల చేరిన నీటిబొట్లు రాలి తెల్ల మచ్చలు పడతాయి. దండెం మీద ఆరేస్తే రంగు కిందికి జారుతుంది కాబట్టి పరిచే ఉంచాలి. మైలుతుత్తం రంగులాంటి టర్కాయిస్ నెమ్మదిగా అంటే రకం, దానికి పూర్తి 24 గంటలు, వెచ్చని గది కావాలి. చలికాలంలో గది 20 డిగ్రీల లోపు ఉంటే ఏ రంగైనా లేతబడుతుంది.

ఉతకడం మొదట చన్నీళ్లలోనే. సోడా ఉండగా వేడినీళ్లలో పడేస్తే విడిపోయిన రంగు తెల్లగా వదిలిన చోట్లకు ఎక్కుతుంది. నాలుగైదు సార్లు నీళ్లు మార్చాక 60 డిగ్రీలకు పైన వేడిలో మామూలు సబ్బుతో పది నిమిషాల చొప్పున రెండుసార్లు.

పూర్తి చీర అనేసరికి ఇంకో చిక్కు వస్తుంది. ఐదున్నర మీటర్ల బట్టను ఒకేసారి చాచే చోటు ఇళ్లలో ఉండదు. ఫ్రేము మీద ముక్కముక్కగా వేస్తే, మొదటి భాగం అంచు ఆరిపోయి రెండో భాగం మొదలయ్యే చోట ముదురు గీత పడుతుంది. ఎంత నీళ్లు చల్లినా ఆ గీత పోదు. భాగం మార్చే చోటు కుచ్చిళ్లలోకి వెళ్లేలా డిజైన్ పంచుకోవడం, అంచును స్ప్రేతో తడిగా ఉంచుతూ పక్కన ఒకరు సాయం ఉండటం, ఈ రెండే మార్గాలు. ఈ లెక్క తెలిసిన పిల్ల ఏ వర్క్‌షాపులో చేరినా వారంలో పనికొస్తుంది.

పట్టు జోలికి ఇప్పుడే వద్దు. దానికి యాసిడ్ డైలు, అచ్చు లేని తెల్లటి న్యూస్‌ప్రింట్‌లో చుట్టి గంటన్నర ఆవిరి పట్టడం కావాలి. సోడా యాష్ పట్టు మెరుపును తీసేస్తుంది. ఆవిరి పాత్రలో ఒక్క నీటిబొట్టు రాలినా చీర పోయినట్టే. నూలు మీద చేయి కుదిరాక చూసుకోవచ్చు.

తల్లిగా మీరు పట్టించుకోవాల్సింది ఒకటుంది. రియాక్టివ్ డై పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కొందరికి ఆస్తమా వస్తుంది, ఒకసారి వచ్చాక ఆ పని మళ్లీ చేయలేరు. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపి, కింద తడి పేపరు పరిచి, మంచి మాస్కు పెట్టుకోవాలి. వంటింటి గిన్నెలు, చెంచాలు వాడనివ్వకండి. అమ్మాయికి ఇప్పటికే ఆయాసం ఉంటే డాక్టరును అడిగాకే ఈ దారి.

ఇప్పుడు కోర్సుల మాట. కొలబద్ద ఒక్కటే: అక్కడ డై ల్యాబ్ ఉందా, విద్యార్థి చేత తూకం వేయించి రంగు వేయిస్తారా? వాళ్ల నాన్నగారి మాట, అమ్మాయి మాట రెండూ నిలిచే దారి ఒకటి ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం టెక్నాలజీ కళాశాలలో బీటెక్ టెక్స్‌టైల్ టెక్నాలజీ ఉంది, ఈఏపీసెట్ ద్వారా సీట్లు. ఫైబర్, డై, ప్రింటింగ్, పరీక్షలు అన్నీ చదువుతుంది. డిజైన్ మాత్రం సొంతంగా సాధన చేసుకోవాలి. డిజైనే ముఖ్యమనుకుంటే హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో నాలుగేళ్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) టెక్స్‌టైల్ డిజైన్. ఇంటర్ ఏ గ్రూపైనా చాలు, రాత పరీక్షల తరవాత సిచువేషన్ టెస్టు, అంటే ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే నమూనా చేసి చూపే పరీక్ష, ఉంటుంది. ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) ఆంధ్రప్రదేశ్‌లో టెక్స్‌టైల్, అపరల్ (దుస్తుల) డిజైన్ ఉంది, దానికి డ్యాట్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష. ఈ రెండింటి ఫీజులూ ఎక్కువే, ముందే సంస్థల వెబ్‌సైట్లలో చూసి ఇంట్లో లెక్క వేసుకోండి. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థ మూడేళ్ల డిప్లొమా ఖర్చు తక్కువ, అద్దకం గట్టిగా నేర్పుతుంది. కానీ ఇంటర్ అయిన పిల్లకు మళ్లీ డిప్లొమా అంటే నేను రెండో వరసలోనే పెడతాను. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) బీఎఫ్ఏ బొమ్మ చేయిని బలపరుస్తుంది, రంగు రసాయనం అక్కడ దొరకదు. హైదరాబాద్, విజయవాడల్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్లలో (కేంద్ర ప్రభుత్వ చేనేత కేంద్రాలు) అద్దకం శిక్షణ ఎప్పుడెప్పుడు ఉంటుందో అడిగి తెలుసుకోండి, ఏ కోర్సులో చేరినా సెలవుల్లో పనికొస్తుంది.

నా సలహా: ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో టెక్స్‌టైల్ టెక్నాలజీని మొదటి ఆప్షన్‌గా పెట్టించండి. నిఫ్ట్, ఎన్ఐడీ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో వాళ్ల వెబ్‌సైట్లలో చూస్తూ ఉండి, ఆ పరీక్షలూ రాయనివ్వండి. ఒక్క పరీక్ష కోసం ఏడాదంతా ఖాళీగా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

సంపాదన గురించి. నీటిరంగుల డిజైన్‌ను డిజిటల్ ప్రింటర్ నిమిషాల్లో కొట్టేస్తుంది, ధర తక్కువ. దానితో ధరలో పోటీ పడలేరు. చేతి పని గెలిచేది మంచి నూలు, పట్టు మీద, రెండు వైపులా దిగిన రంగుతో. ప్రింటు చీర వెనకవైపు తిప్పితే రంగు పాలిపోయి కనిపిస్తుంది. కొనేవాళ్లకు ఆ తేడా చూపించడం నేర్చుకోవాలి. ఒక చీరకు నానబెట్టడం, వేయడం, ఉతకడం కలిపి 9–10 గంటల చేతిపని. గంటకు 100 రూపాయలు కట్టుకున్నా కూలే 900 నుంచి 1,000. దానికి బట్ట, రంగులు, పదింటిలో పాడయ్యే ఒక చీర నష్టం కలపాలి. ఈ లెక్క వేయకుండా బంధువులకు బట్ట ధరకే ఇచ్చేవాళ్లు ఏడాదిలో మానేస్తారు. సొంతంగా మొదలుపెట్టేటప్పుడు 50,000 రూపాయల లోపు ముద్రా శిశు రుణం (చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద బ్యాంకులిచ్చే అప్పు) సరిపోతుంది. ఉద్యోగంగా అయితే బొటిక్‌లలో, ఎగుమతి సంస్థల్లో శాంపిల్ తయారీ, అద్దకం యూనిట్లలో రంగు మ్యాచింగ్, వాటర్‌కలర్ బొమ్మలను బట్టంతా మళ్లీ మళ్లీ వచ్చే ప్రింటు నమూనాగా (రిపీట్) మార్చే డిజైన్ పని ఉన్నాయి. ఎక్కడికెళ్లినా మొదట అడిగేది పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల నమూనా పుస్తకం.

అందులో ఫొటోలు కాదు, బట్ట ముక్కలు అంటించాలి. ఒక్కో ముక్క పక్కన డై పేరు, గ్రాములు, గది వేడి, ఎన్ని గంటలు ఉంచిందీ రాయాలి. ప్రతి ముక్కలో సగం కోసి, తెల్ల బట్టకు కుట్టి సబ్బుతో ఐదుసార్లు ఉతికి, ఉతకని సగం పక్కన పెట్టాలి. తడి తెల్ల గుడ్డతో పది సార్లు రుద్దినదీ అక్కడే అంటించాలి. ఇంకో ముక్కను సగం అట్టతో మూసి కిటికీలో రెండు వారాలు ఉంచితే ఎండకు ఏ రంగు వెలుస్తుందో తెలుస్తుంది. ల్యాబుల్లో ఉతుకుకు 1 నుంచి 5 వరకు గ్రేడు ఇస్తారు, 4కు తగ్గిన రంగును అమ్మే చీరకు వాడొద్దు. మూడు నెలల్లో ఇలాంటివి నలభై ముక్కలు చేయగలిగితే ఈ పనిలో ఓపిక ఉన్నట్టే. చేయలేక విసుగు పుడితే అది ఇప్పుడే తెలియడం మంచిది, బీటెక్ ఏ బ్రాంచైనా తెరిచే ఉంటుంది.

రంగు పోయిన ఆ రెండో చీరను పారేయనివ్వకండి. కొంగు చివర రెండు దారాలు తీసి వెలిగించి చూడమనండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు, కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. పాలిస్టర్ అయితే ఏ రియాక్టివ్ డై కూడా దానికి పట్టదు. నూలే అయితే ఉడికించి, సోడాలో నానబెట్టి, అదే బొమ్మను మళ్లీ వేసి, పాత ముక్క, కొత్త ముక్క పక్కపక్కన పుస్తకం మొదటి పేజీలో అంటించమనండి.