మీరడిగారు: కిలిమంజారో ఊళ్లలో కాఫీ, చోళ్ళు, కాలవ నీళ్లు

ప్రశ్న: మా కాఫీకి సిల్వర్ ఓక్ నీడ, దాని మీద మిరియాల తీగ. టాంజానియాలో అరటి కిందే కాఫీ పెడతారట. ఒకదాని బలం ఇంకొకటి లాగెయ్యదా? (అరకు నుంచి)

జవాబు: లాగుతుంది. అందుకే అక్కడ కాఫీ తోటంటే కొట్టంలో ఆవు కూడా ఉండాల్సిందే. మోషీ గ్రామీణ జిల్లాలో, కిలిమంజారో దక్షిణపు వాలు మీద, సుమారు 900 నుంచి 1,900 మీటర్ల ఎత్తు దాకా చాగా అనే తెగ రైతుల ఇంటి తోటలున్నాయి. వాటిని కిహాంబా అంటారు. పైన సిల్వర్ ఓక్, మన నక్కెర వర్గానికి చెందిన మ్రింగరింగ చెట్లు. వాటి కింద అరటి, అరటి కింద కాఫీ, నేల మీద చేమ. గట్టు మీద కంచెగా మసాలే, అంటే మనవాళ్లు కుండీల్లో పెంచే డ్రాసీనాయే. తప్పు చేసినవాడు ఆ ఆకు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, కాదని తిప్పి పంపడం అక్కడ మర్యాద కాదు.

అరటి దుబ్బుకు గెల వేసిన చెట్టొకటి, సగం ఎదిగినదొకటి, పిలకొకటి ఉంచి మిగతావి తవ్వేస్తారు. గెల కొట్టాక బోదె నరికి ఆవుకు వేస్తారు. బోదెలో ఉండేది చాలావరకు నీళ్లే కాబట్టి దానితో ఆవు కడుపు నిండదు. కింది మైదానపు చేల నుంచి గడ్డి, మొక్కజొన్న చొప్ప మోసుకురావాలి. ఆ మోత ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే పడుతోంది. పేడ అరటి మొదట్లో పడుతుంది, పక్కనున్న కాఫీ వేళ్లూ అందుకుంటాయి. ఆవును అమ్ముకున్న ఇంట్లో ముందు గెల చిన్నదవుతుంది.

నీడ చిక్కబడితే కాఫీ ఆకు వేస్తుంది గానీ పూత తగ్గుతుంది. చెమ్మ నిలిస్తే పచ్చికాయ మీద గుంట పడ్డ నల్ల మచ్చలొస్తాయి. అది కాయకుళ్లు. కాబట్టి కోతలయ్యాక, మార్చి వానలు దిగేలోపే అరటి ఎండాకులు కోసి, కాఫీ లోపలి రెమ్మలు తీసెయ్యాలి. ఇంత చేసినా అసలు బెంగ నేల గురించే. 1980ల్లో సగటు తోట 0.68 హెక్టార్లు, అంటే దాదాపు ఎకరా డెబ్భై సెంట్లు. కొడుకుల వాటాలతో అది ఇంకా చీలుతోంది.

ప్రశ్న: అక్కడ చోళ్ళతో సారా కాస్తారా? (పార్వతీపురం నుంచి)

జవాబు: సారా కాదు, బట్టీ పెట్టరు. ఎంబెగె అనే పులియబెట్టిన పానీయం అది. ముగ్గిన అరటిపళ్లు గంటల తరబడి ఉడికించి, చల్లార్చి, కొన్నాళ్లు పులియనిచ్చి వడగడతారు. చోళ్ళు నానబెట్టి మొలక కట్టి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి జావ కాస్తారు. పిండిని చక్కెరగా మార్చే గుణం మొలకలోనే ఉంది, ఉత్త చోడిపిండి ఆ పని చెయ్యదు. చేదు కోసం మ్సెసెవె బెరడు వేస్తారు. మన సర్పగంధికి అది దగ్గరి చుట్టం. బెరడు మితిమీరితే నోట పెట్టలేం. జావ, అరటి రసం కలిపిన మర్నాటికి తాగేస్తారు, నిలవుంటే పులిసిపోతుంది. అన్నట్టు, మనం మనదనుకునే చోడి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా మెట్టలే.

ప్రశ్న: కొండ మీద మంచు కరిగిపోతే ఆ ఊళ్లకు నీళ్లెలా? (ఖమ్మం నుంచి)

జవాబు: మంచు నీటి వాటా చాలా స్వల్పం. నీళ్లిచ్చేది ఊళ్లకు పైనున్న అడవి. 2,000 మీటర్లు దాటిన చోట, దక్షిణపు వాలు మీద ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. లోయ వాగుకు రాళ్లు, దుంగలు, అరటి బోదెలు అడ్డం పెట్టి నీటిని ఎంఫోంగో అనే పిల్లకాలవలోకి మళ్లిస్తారు. వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది, తక్కువైతే ఒండ్రు మేటవేస్తుంది. వంతు నీళ్లు కావాలంటే పూడికతీతకు ఇంటికొకరు రావాలి. పై అడవి నరికితే మాత్రం, ఎంత పూడిక తీసినా ఎండాకాలంలో ఆ కాలవలో పారేదేమీ ఉండదు.