ముందు బల్బు తీసేయండి

చేతితో తిప్పే జనరేటర్ చూపిస్తే పదో తరగతి పిల్లలు బల్బు వెలగగానే చప్పట్లు కొడుతున్నారనీ, కరెంటు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మాత్రం ‘అయస్కాంతంలోంచి’ అంటున్నారనీ మీరు రాశారు. విజయవాడలో చాలా ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. మొదట్లో నాకూ ఇదే జవాబు వచ్చేది. తప్పు పిల్లలది కాదు. ఎదురుగా బల్బు వెలుగుతుంటే, తిప్పే చేతిని ఎవరు పట్టించుకుంటారు?

అందుకే ముందు బల్బు తీసేస్తాను. ఒక్కొక్కరినీ పిలిచి, కళ్లు మూసుకుని పిడి తిప్పమంటాను. తేలిగ్గా తిరుగుతుంది. తిప్పుతుండగానే, చెప్పకుండా బల్బు తగిలిస్తాను. “మాస్టారూ, లోపల ఏదో పట్టుకుంటోంది!” అని ఒక అమ్మాయి ఉలిక్కిపడి చేయి తీసేసింది. పాఠం అక్కడ మొదలుపెట్టాలి. బల్బు మాత్రం టార్చిలైటులో వాడే పాత ఫిలమెంటు రకమే ఉండాలి. చిన్న ఎల్‌ఈడీ తీసుకునే కరెంటు మరీ తక్కువ, చేతికి తేడా తెలియదు.

రెండు తీగల కొసలనూ నేరుగా కలిపితే పిడి ఇంకా బిగుస్తుంది. ఇది నేనే చేసి చూపిస్తాను, అదీ రెండు మూడు చుట్లే. ఒకసారి ఒక కుర్రవాడు పంతం పట్టి తిప్పితే లోపలి ప్లాస్టిక్ చక్రం పళ్లు ఊడి చేతికొచ్చాయి.

ఇప్పుడు శాస్త్రవేత్త ఫారడే పేరు ఎత్తవచ్చు. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం, అంటే బలరేఖల మొత్తం, మారుతున్నంతసేపే వోల్టేజి పుడుతుందని ఆయన 1831లో కనిపెట్టాడు. వలయం, అంటే కరెంటు తిరిగే దారి, తెరిచి ఉంటే వోల్టేజి ఉన్నా కరెంటు పారదు, అందుకే పిడి తేలిక. వలయం మూస్తే పారిన కరెంటు తనను పుట్టించిన కదలికకే అడ్డు తగులుతుంది. లెంజ్ అనే శాస్త్రవేత్త 1834లో చెప్పింది ఇదే. ఆ అడ్డును నెట్టేది పిల్లవాడి కండ. అయస్కాంతం బలం ఖర్చయిపోవడం లేదు.

వీలైతే పాత సైకిలు డైనమో ఒకటి సంపాదించి విప్పి చూపించండి. అందులో తిరిగేది అయస్కాంతం, చుట్ట కదలదు. పుస్తకంలోని బొమ్మలో చుట్ట తిరుగుతుంది, అయస్కాంతం కదలదు కాబట్టి “దీన్ని తప్పుగా బిగించారా?” అని తప్పక అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే నేను దాన్ని దాచుకున్నాను.

మా పిల్లలకు ఊరి పక్కనున్న ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు తెలుసు. అక్కడ ఆవిరి జనరేటర్ ఇరుసును నిమిషానికి 3000 చుట్లు తిప్పుతుందనీ, మే నెల మధ్యాహ్నం ఊరంతా ఏసీలు వేస్తే ఆ ఇరుసుకూ మీ పిడిలాగే బరువు పెరుగుతుందనీ, అప్పుడు బొగ్గు ఇంకా మండించాలనీ చెబుతాను. మొన్న వెనక బెంచీలోంచి ఒకడు, “అయితే నేను ఫ్యాను ఆపితే అక్కడ తేలికవుతుందా?” అన్నాడు. అవుతుంది, ఇసుమంత అన్నాను. వాడు లేచి వెళ్లి స్విచ్చి ఆపేశాడు. మిగతావాళ్లు ఊరుకోలేదనుకోండి.