బైకుల మీద వయనాడ్, చందాలు నా ఫోన్‌పేకి వేయించుకోవచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం, నేను, మావారు, పదకొండేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప. 2024 జులై 30న వయనాడ్‌లో కొండ విరిగిపడి ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోవడం టీవీలో చూసినప్పట్నుంచి పాప ఆ ఊళ్ళ గురించే అడుగుతోంది. దసరా సెలవుల్లో రెండు బండ్ల మీద అక్కడికి వెళ్తూ ఇళ్ళు కట్టడానికి చందాలు పోగుచేద్దామనుకుంటున్నాం. అమెరికాలో ఉన్న మా అన్నయ్య, అక్కడి సిటిజన్లయిన ఆయన ఫ్రెండ్స్ కూడా పంపుతామంటున్నారు. అన్నీ నా ఫోన్‌పేకి వేయించుకుని అక్కడ ఇచ్చేస్తే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, ఆ ఫోన్‌పే ఒక్కటి వద్దు. హుద్‌హుద్ తుపానప్పుడు, అంటే 2014 అక్టోబర్లో, మా అపార్ట్‌మెంట్‌లో నేనూ ఇలాగే ఉత్సాహంగా ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని ఫ్లోర్ ఫ్లోర్ తిరిగా. చివర్లో లెక్క చూస్తే 340 రూపాయలు తక్కువొచ్చాయి, ఎవరో రాయించుకుని ఇవ్వలేదో, నేనే చిల్లరిచ్చి మర్చిపోయానో ఇప్పటికీ తెలీదు, నా జేబులోంచి వేసినా సరే రెండో ఫ్లోర్ ఆవిడ లిఫ్ట్‌లో కనిపించినప్పుడల్లా ఒక నవ్వు నవ్వేది. అందుకే చెప్తున్నా, ఎవరి డబ్బు వాళ్ళే కేరళ ముఖ్యమంత్రి సహాయ నిధికి నేరుగా వేసుకుని, రసీదు స్క్రీన్‌షాట్ మీ గ్రూపులో పెట్టమనండి. రసీదు ఎవరి పేరున ఉంటే ఆదాయపు పన్ను మినహాయింపు వాళ్ళకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే, క్యాష్‌గా రెండు వేలు దాటి ఇస్తే అదీ రాదు. మీ అన్నయ్య మీకు డబ్బు పంపడం వేరు, విదేశీ పౌరులైన ఆయన ఫ్రెండ్స్ సేవ పేరుతో మీ ఖాతాలో వేయడం వేరు, అది విదేశీ విరాళాల మీద ఆంక్షలు పెట్టే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కిందకొస్తుంది. ఎలా పంపాలో ఆ ఫ్రెండ్స్‌నే ముందు సహాయ నిధి ఆఫీసులో అడగమనండి.

పెట్రోలు, లాడ్జి, టిఫిన్లు మాత్రం మీ సొంత డబ్బుతోనే. ఇది ముందే అందరికీ చెప్పేస్తే ఎవరూ నవ్వరు!

ఇక దారి. కర్నూలు మీదుగా బెంగళూరు దాకా ఇబ్బంది లేదు, మొదటి రోజు అనంతపురంలో ఆగిపోండి, పిల్లలతో అంతకంటే లాగొద్దు. బెంగళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి బైకులకి ఎంట్రీ లేదు, సర్వీస్ రోడ్డే దిక్కు, అంటే మ్యాప్ చూపించే టైమ్ నమ్మొద్దు. గుండ్లుపేట దాటాక బందీపూర్ అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు, ఆలస్యమైతే మైసూరులోనే పడుకోండి. దసరాకి అక్కడ వానలు ఇంకా పోవు, నన్నడిగితే సంక్రాంతి సెలవులు మేలు.

ఇంకోటి, నేరుగా చూరల్‌మల వెళ్ళిపోయి ఫొటోలు దిగకండి. జవాన్లు రాత్రీ పగలూ కష్టపడి ఇనుప భాగాలు బిగించి 190 అడుగుల బెయిలీ వంతెన వేసింది అక్కడే, పిల్లలకి చూపించాలని మీకుంటుంది, నిజమే, కానీ అక్కడివాళ్ళకి అది సొంత మనుషుల్ని పోగొట్టుకున్న చోటు. వయనాడ్‌లోనే కల్పెట్టలో, ఎల్‌స్టన్ ఎస్టేట్‌లో, ఇళ్ళు పోయినవాళ్ళ కోసం కట్టే టౌన్‌షిప్‌కి 2025 మార్చిలో శంకుస్థాపన చేశారు, ఒక్కో కుటుంబానికి ఏడు సెంట్లలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు. పాపకి అది చూపించండి, మీ గ్రూపువాళ్ళు వేసిన డబ్బులు ఎక్కడికెళ్ళాయో దానికీ అర్థమవుతుంది.

నాలుగేళ్ళు దాటిన పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్ళది పెట్టి తలకి చున్నీ చుట్టడం కుదరదు, పిల్లల సైజుదే కొనండి. అది పెట్టించి ముందు ఒక ఆదివారం యాదగిరిగుట్ట దాకా వెళ్ళిరండి. తిరిగొచ్చాక కూడా పాప "మళ్ళీ ఎప్పుడు?" అంటే అప్పుడు లాడ్జి బుక్ చేయండి.