యూనిఫాంలో రీల్: ఉస్తాద్‌ను అనుకరించిన అగ్నివీర్ ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా పెద్దబ్బాయి అగ్నివీర్. ట్రైనింగ్, కసమ్ పరేడ్ (ప్రమాణం చేసే పరేడ్) ముగిశాక సెలవు మీద ఇంటికొచ్చాడు. యూనిఫాం వేసుకుని, ఎడమ చేత్తో సెల్యూట్ కొడుతూ, ట్రైనింగ్‌లో తిట్టే ఉస్తాద్ (శిక్షకుడు) గొంతును సరదాగా అనుకరించాడు. ఇంటర్ చదివే మా చిన్నవాడు దాన్ని ఫోన్‌లో తీసి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. మూడు రోజుల్లో 40 వేల మంది చూశారు. ఊళ్లో మాజీ సైనికుడొకాయన ‘ఉద్యోగం పోతుంది’ అంటున్నారు. నిజమేనా? సెలవు ఇంకా 9 రోజులుంది. – ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఈ ఒక్క రీల్‌తోనే ఉద్యోగం పోతుందని బెంగ పెట్టుకోకండి. అలాగని ‘ఏమీ కాదులే’ అని తొమ్మిది రోజులూ గడిపేయకండి. ఈ సంగతి కమాండింగ్ ఆఫీసర్‌కు మీ అబ్బాయి నోటి నుంచి ముందు చేరుతుందా, ఎవరో ఫార్వర్డ్ చేసిన వాట్సాప్ నుంచి చేరుతుందా అన్నదాన్ని బట్టే చాలావరకు తేలుతుంది.

ముందు ఇవాళ చేయాల్సిన పని. రీల్ లింకు, పెట్టిన తేదీ, వ్యూస్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. రేపు యూనిట్‌లో అడిగితే ఏం పెట్టారో, ఎప్పుడు పెట్టారో చెప్పడానికి పనికొస్తుంది. తర్వాత రీల్‌ను డిలీట్ చేయించండి. ఆర్కైవ్ చేస్తే చాలదు. డిలీట్ చేసింది ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజుల దాకా ఉంటుంది, అక్కడా తీసేయాలి. బంధువుల వాట్సాప్ స్టేటస్‌లను ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీయించండి. ‘దయచేసి తీసేయండి’ అని ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెడితే చూడనివాళ్లు కూడా చూస్తారు. వేరే పేజీలు ఎత్తుకుని పెట్టుకుంటే, వీడియో తీసింది చిన్నబ్బాయి కాబట్టి కాపీరైట్ ఫిర్యాదు అతని పేరుతోనే వెళ్లాలి. అన్నయ్య పేరుతో పెడితే చెల్లకపోవచ్చు.

డిలీట్ చేసే ముందు రీల్‌ను ఒకసారి ఆపి ఆపి చూడండి. ఛాతీ మీద నేమ్ ట్యాబ్ చదవడానికి వస్తోందా? భుజం మీద ఫార్మేషన్ గుర్తు, రెజిమెంట్ టైటిల్ కనిపిస్తున్నాయా? వెనక మంచం మీద ఐడీ కార్డో, లీవ్ సర్టిఫికెట్టో, రైలు ప్రయాణానికి సైన్యం ఇచ్చే రైల్వే వారంటో ఉందా? ‘ఫలానా చోట పోస్టింగ్ వచ్చింది బ్రో’ అని కామెంట్లలో చిన్నవాడు ఎవరికైనా జవాబిచ్చాడా? ఇలాంటి వివరాలు బయటికి పోవడం వెక్కిరింపు కన్నా పెద్ద విషయం. 2019 డిసెంబరులో మన విశాఖలోనే గూఢచర్యం కేసు బయటపడి నేవీ సెయిలర్లు అరెస్టయ్యారు. అది మొదలైంది ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో వచ్చిన పరిచయాలతోనే. ఆ నెలాఖరుకే నౌకల మీద, నేవల్ బేసుల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించారు. రీల్ పెట్టాక మీ ఇద్దరబ్బాయిల్లో ఎవరికైనా కొత్త ప్రొఫైళ్ల నుంచి మెసేజ్‌లు వచ్చి ఉంటే జవాబివ్వకుండా ఆ పేర్లు రాసిపెట్టుకోండి. అవి కూడా యూనిట్‌కు చెప్పాలి.

ఇప్పుడు ఫోన్. సెలవు అయ్యేదాకా ఆగకుండా మీ అబ్బాయి తన సెక్షన్ కమాండర్‌కో, సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్‌కో తానే చేయాలి. మీరు చేయకండి. అమ్మ ఫోన్ చేస్తే అక్కడ పరువు ఇంకాస్త పోతుంది. మాట పొట్టిగా ఉండాలి: ‘సాబ్, సెలవులో యూనిఫాంలో వీడియో చేశాను. తమ్ముడు తన అకౌంట్‌లో పెట్టాడు. ఇవాళ తీసేశాం. తప్పు నాది.’ ఎవరిని అనుకరించాడో అడిగితే దాచకూడదు. ‘నాకు తెలీకుండా తమ్ముడు పెట్టాడు’ అనడం అందరికీ తోచే సాకే. వీడియోలో మీవాడు కెమెరా వైపు చూసి నవ్వుతుంటే అది నిలబడదు. అబద్ధం బయటపడితే అది ఇంకో తప్పు.

ఏ నియమం కింద అడుగుతారంటే, 1950 ఆర్మీ చట్టం అగ్నివీర్‌కూ వర్తిస్తుంది. క్రమశిక్షణకు భంగం కలిగించే ఏ పనైనా సెక్షన్ 63 కిందకు వస్తుంది. కోర్టు మార్షల్ దాకా వెళ్తే ఏడేళ్ల దాకా జైలు రాసి ఉంది. దాన్ని చూసి భయపడనక్కర్లేదు. ఇలాంటివి కమాండింగ్ ఆఫీసర్ స్థాయిలో సెక్షన్ 80 కిందే తేల్చవచ్చు. అందులో రిప్రిమాండ్ (మందలింపు), అదనపు గార్డు డ్యూటీలు, 14 రోజుల జీతం వరకు జరిమానా, 28 రోజుల వరకు లైన్స్ (బ్యారక్‌లు) దాటనివ్వకుండానో నిర్బంధంలోనో ఉంచడం వంటి శిక్షలున్నాయి. శిక్ష పెద్దదైతే రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ, చిన్నదైతే బ్లాక్ ఇంక్ ఎంట్రీ పడుతుంది. అగ్నివీర్‌కు అసలు నష్టం అక్కడుంది. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది 25 శాతం దాకానే. పక్కవాడితో పోటీ నడుస్తున్నప్పుడు రికార్డులో ఎర్ర సిరా ఎవరికీ మేలు చేయదు.

సోషల్ మీడియా ఆదేశాలు వేరే ఉన్నాయి. 2020 జులైలో సైన్యం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమంది. దాన్ని సవాలు చేస్తూ ఒక లెఫ్టినెంట్ కర్నల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే ఆ ఆగస్టులోనే పిటిషన్ కొట్టేశారు. సైనికుల ప్రాథమిక హక్కులకు పరిమితులు పెట్టే అధికారం రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆదేశాలు మారుతూ ఉంటాయి కాబట్టి యూట్యూబ్‌లో విన్నది కాకుండా యూనిట్‌లో చదివి వినిపించేదే లెక్క.

‘ఉస్తాద్‌ను వెక్కిరిస్తే అంత నేరమా?’ అని మీకు అనిపించవచ్చు. బడాఖానాలో (యూనిట్ అంతా కలిసి తినే విందులో) జవాన్లు సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సాబ్ ముందే అధికారుల్ని అనుకరిస్తారు, ఆయనా నవ్వుతారు. అది నలుగురూ ఒకే కంచం దగ్గర నవ్వుకునే నవ్వు. అదే నవ్వు ఊరందరి ఫోన్లలోకి వచ్చేసరికి, మరుసటి బ్యాచ్‌ను మైదానంలో నిలబెట్టాల్సిన ఉస్తాద్ మాటకు బరువు తగ్గుతుంది. ఎడమ చేతి సెల్యూట్ సంగతి వేరు. అది ఒక మనిషిని వెక్కిరించడం కాదు, యూనిఫాంనే వెక్కిరించడం. యూనిట్‌లో పెద్దవాళ్లకు ఎక్కువ గుచ్చుకునేది అదే.

ఇది మన దగ్గరే ఉన్న పట్టింపు కాదు. 2018లో అమెరికాలోని టెనెసీ ఎయిర్ నేషనల్ గార్డులో ఒకామె చేతికి డైనోసార్ బొమ్మ తొడుక్కుని ప్రమాణం చేసిన వీడియో పాకింది. ఆమె పోస్టు పోయింది, ప్రమాణం చేయించిన కర్నల్ రిటైరయ్యారు. ఫోన్ పట్టుకుని వీడియో తీసిన సీనియర్‌నూ పదవి నుంచి తప్పించారు. ఫోన్ పట్టుకున్న చేతినీ వదల్లేదన్నది మీ ఇంట్లో గుర్తుంచుకోవాలి.

మీ అబ్బాయికి ఆ ఉస్తాద్ మీద నిజంగా ఫిర్యాదు ఉందేమో కూడా మెల్లగా అడగండి. చేయి చేసుకోవడం, డబ్బు అడగడం లాంటివి ఉంటే రీల్ దారి కాదు. కంపెనీ కమాండర్ ఇంటర్వ్యూ అడగాలి, అక్కడ తేలకపోతే ఆర్మీ చట్టం సెక్షన్ 26 కింద పైకి రాసుకోవచ్చు. 2017 జనవరిలో తిండి బాగోలేదని వీడియో పెట్టిన బీఎస్ఎఫ్ జవాన్ తేజ్ బహదూర్ యాదవ్‌ను ఆ ఏప్రిల్‌లో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆయన మాటలో నిజమెంతన్న చర్చ అలాగే ఉంది, ఉద్యోగం మాత్రం లేదు.

ఇక చిన్నబ్బాయి. అన్న యూనిఫాం తాను వేసుకుని ఫొటోలు దిగాడా అడగండి. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 168 కింద నేరం, మూడు నెలల దాకా జైలు పడవచ్చు. సరదా ఫొటో దానంతట అది నేరం కాదు. కానీ ‘ఇండియన్ ఆర్మీ’ అని బయోలో రాసుకుంటే సరదా అని చెప్పడం కష్టం. బయో మార్పించండి, అన్న ఫొటోలన్నీ తీయించండి, లొకేషన్ ట్యాగులు ఆపించండి. ఇంట్లో యూనిఫాంను ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టి, తిరుగు ప్రయాణం రోజు దాకా తాళం మీ దగ్గరే ఉంచుకోండి.