జయంతి ఎవరికి? దినోత్సవం దేనికి?

సందేహం: మా ఉన్నత పాఠశాలలో ప్రార్థన సమయంలో పిల్లల చేత 'నేటి విశేషాలు' చదివిస్తాం. జూలై 22న వాళ్ళు నల్లబల్ల మీద ఇలా రాశారు: దాశరథి జయంతి, సెలీనా గోమెజ్ జయంతి, జాతీయ పతాక దినోత్సవం, పై దినం, మామిడిపండ్ల దినోత్సవం, ఊయల దినోత్సవం, ప్రపంచ మెదడు దినోత్సవం. జయంతి అనే మాట చనిపోయినవారికే వాడాలని చెప్పి, గాయని పేరు పక్కన 'పుట్టినరోజు' అని దిద్దాను. మా సహోపాధ్యాయులొకరు ఒప్పుకోలేదు. జయంతికి చావుతో పనే లేదని, ఆ మాటకొస్తే వర్ధంతి అన్నా పుట్టినరోజేనని వాదించారు. ఎవరిది నిజం? ఇలాంటి రోజులకు దినం అనాలా, దినోత్సవం అనాలా? వచ్చే ఏడు మా బడికి యాభై ఏళ్ళు నిండుతాయి. స్వర్ణ జయంతి అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, మీరు దిద్దిన దిద్దుబాటు మంచిదే, చెప్పిన కారణం మాత్రం నిలవదు. మీ సహోపాధ్యాయులు చెప్పినదానికి శాస్త్రంలో ఆధారం ఉంది. అయినా దాన్ని పట్టుకుని బల్ల మీద రాయిస్తే తెలుగు చెడుతుంది.

జననం, జన్మ, జాతకం అన్న వరసలోకి జయంతిని కూడా తోసి, అది 'జన్' ధాతువు నుంచి వచ్చిందనుకునేవారు చాలామంది ఉన్నారు. చదువుకున్నవాళ్ళే సభల్లో అలా చెబుతుంటే బాధ కలుగుతుంది. దీని ధాతువు 'జి', గెలవడం. 'చేస్తున్న' అనే అర్థమిచ్చే శతృప్రత్యయం చేరితే జయత్, స్త్రీలింగంలో జయంతీ. గెలుస్తున్నది, గెలిపించేది అని అర్థం. ఏది గెలిపించేది? ఒక తిథి. శ్రావణ బహుళాష్టమి నాటి నడిరేయి రోహిణీ నక్షత్రం కలిసివస్తే ఆ యోగానికి జయంతి అని పేరు. జయాన్నీ పుణ్యాన్నీ ఇస్తుంది గనుక జయంతి అయిందని ధర్మశాస్త్ర నిబంధాలు, అంటే ఆచార నిర్ణయాలను కూర్చిన గ్రంథాలు, నిర్వచించాయి. రోహిణి కలవకపోతే అది జన్మాష్టమి మాత్రమే. జన్మాష్టమీ వ్రతమూ జయంతీ వ్రతమూ ఒకటేనా, వేరువేరా అని నిబంధకారులు పుటలకు పుటలు చర్చించారు. ఇంతకూ తేలేదేమంటే, ఈ మాట మొదట మనిషి పుట్టుకకు పెట్టిన పేరే కాదు. అష్టమీ రోహిణీ కలిసిన వేళకు పెట్టిన పేరు. ఆ వేళకు కృష్ణుడు పుట్టాడు గనుక కృష్ణ జయంతి అన్నారు. అక్కడి నుంచి నృసింహ జయంతి, వామన జయంతి వచ్చాయి. అవతారాల తర్వాత ఆచార్యుల వంతు వచ్చి శంకర జయంతి అన్నారు. గాంధీ జయంతి నాటికి అది మహానుభావులందరి మాట అయింది.

ఇందులో చావు ఎక్కడుంది? హనుమజ్జయంతిని చూడండి. మన పంచాంగాల్లో వైశాఖ బహుళ దశమి. హనుమంతుడు చిరంజీవి. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అన్న చిరంజీవుల వరసలో ఆయన పేరు లేకుండా శ్లోకమే లేదు. పరశురాముడికీ జయంతి చేస్తున్నాం. ఈమధ్య కొందరు 'హనుమంతుడు బతికే ఉన్నాడు కనుక హనుమజ్జయంతి అనరాదు, జన్మోత్సవం అనాలి' అని సందేశాలు పంపుతున్నారు. తరతరాలుగా వస్తున్న పండుగ పేరును, పోయినవారికే జయంతి అనే నిన్నమొన్నటి నియమంతో కొలిచి దిద్దబోవడం అది. పండుగ పేరు జోలికి పోకుండా ఉంటే మంచిది.

మరి గాయని పుట్టినరోజుకు జయంతి ఎందుకు వద్దంటున్నాను? కారణం వ్యుత్పత్తిలో లేదు, వాడుకలో ఉంది. ఆ వాడుకకు ఒక న్యాయం కూడా ఉంది. సుమతీ శతకకారుడి పద్యం మీ ఆరో తరగతి పిల్లలకు కూడా వచ్చి ఉంటుంది:

పుత్రోత్సాహము తండ్రికి
పుత్రుడు జన్మించినపుడె పుట్టదు, జనులా
పుత్రుని గనుగొని పొగడగ
పుత్రోత్సాహంబు నాడు పొందుర సుమతీ!

పుట్టినందుకు కలిగే ఆనందం వేరు, పదిమంది పొగిడాక కలిగేది వేరు అని ఆ కవి గీత గీసి చూపించాడు. మొదటిదానికి తెలుగులో పుట్టినరోజు అనే చక్కని మాట ఉంది. అందులో 'పుట్టిన' మనది, 'రోజు' పారసీకం నుంచి వచ్చి మనదైపోయింది. రెండోదానికి, ఒక బతుకు పూర్తయి, అది గెలిచిన బతుకేనని లోకం తేల్చాక, ఆ మనిషి పుట్టిన తిథిని జయంతి అంటున్నాం. పద్యంలో జయంతి మాట లేదు, నిజమే. అందులోని వివేకం మాత్రం ఈ వాడుకకు సరిగ్గా సరిపోతుంది.

మీ పిల్లలు మొదట రాసిన పేరే దీనికి సాక్ష్యం. దాశరథి కృష్ణమాచార్య 1925 జూలై 22న, నేటి మహబూబాబాద్ జిల్లాలోని చినగూడూరులో పుట్టారు. నిజామును ఎదిరించినందుకు నిజామాబాద్ జైల్లో పెడితే, కాగితం కలం లేని చోట గోడనే కాగితం చేసుకుని బొగ్గుతో పద్యం రాశారు. 1987లో కన్నుమూశారు. అంతటి నిజాం గద్దె పోయింది, 'నా తెలంగాణ కోటి రతనాల వీణ' అన్న మాట మిగిలింది. ఆ పుట్టుకను తలచుకోవడానికి గెలుపు ధాతువులోంచి వచ్చిన మాటకన్నా తగినది ఏముంటుంది? అదే మాట ఆయనకూ, 1992లో పుట్టి నేడు పాడుతూ ఉన్న గాయనికీ కలిపి వాడితే మాట బరువు తగ్గుతుంది. ఆమె పట్ల తక్కువ చూపు కాదిది. ఆమె చేయవలసింది ఇంకా ఉంది, అంతే. అరవై నిండితే షష్టిపూర్తి అనే మాట బతికున్నవారికోసమే ఉంది.

ఇక్కడే ఇంకొకటి చెప్పాలి. 'జయంతి శుభాకాంక్షలు' అని కూడళ్ళలో ఫ్లెక్సీలు కడుతున్నారు. శుభం కలగాలని కోరడం ఎదుటనున్నవారికి. పోయిన కవికి శుభాకాంక్షలు ఎలా అందుతాయి? 'జయంతి సందర్భంగా స్మరణ' అంటే చాలు. 'వర్ధంతి వేడుకలు' అనే శీర్షిక పత్రికల్లో కనబడిన రోజైతే పత్రిక మడిచి పక్కన పెట్టేస్తాను. వేడుక ఏమిటమ్మా అక్కడ?

వర్ధంతి విషయంలో మీ సహోపాధ్యాయులకు కన్నడ దేశం తోడు ఉంది. అక్కడ వర్ధంతి అంటే నేటికీ శుభమే. శృంగేరీ జగద్గురువుల పుట్టినరోజు వర్ధంతి ఉత్సవం. మైసూరు మహారాజుల పుట్టినరోజూ వర్ధంతే. ఏడాదికేడాది వృద్ధి పొందే తిథి అని భావం. వ్యాకరణం దగ్గర మాత్రం చిక్కుంది. 'వృధ్' ఆత్మనేపది, అంటే శతృప్రత్యయం చేరని తరగతి ధాతువు. వర్ధతే, వర్ధమానః అని రూపాలు. దానికి శతృప్రత్యయం తెచ్చి వర్ధంతీ అనడం పాణిని ఒప్పే మార్గం కాదు. పక్కనే ఉన్న జయంతిని చూసి, ఆ అచ్చులో దీన్ని పోశారని నా ఊహ.

అలాంటి మాట తెలుగులో చావు తిథికి ఎలా వచ్చింది? దీనికీ నాది ఊహే, కానీ గట్టి ఊహ. మన ఇళ్ళలో అశుభాన్ని శుభంగా పలకడం ఒక సంస్కారం. డబ్బాలో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరితే 'కొండెక్కింది' అంటాం, కొన్నిచోట్ల 'ఘనమైంది' అంటారు. వెళ్ళేవాడు 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటాడు. అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది ఇది: మంగళసూత్రం తెగితే పెద్దవాళ్ళు 'తెగింది' అనరు, 'పెరిగింది' అంటారు. పెరగడమంటే వృధ్ ధాతువు అర్థమే. లేమి కలిగినచోట పెరుగుదల మాట పలికే జాతికి, మనిషి పోయిన తిథిని వర్ధంతి అనడం కొత్త కాదు. తద్దినం అన్న మాటలోనూ ఈ మర్యాదే ఉంది. తత్ అంటే ఆ. 'ఆ రోజు' అన్నారు. ఏ రోజో నోటితో అనలేదు. ఇంత సున్నితంగా కట్టుకున్న మాటలు మనవి. వర్ధంతి అంటే పుట్టినరోజన్న కన్నడ అర్థం తెలిసి ఉండడం మంచిదే, తెలుగు ఇంట్లో అలా అని చూపించబోతే అపచారమవుతుంది.

ఇక దినం. దినపత్రిక, దినచర్య, దినదినాభివృద్ధి అన్నప్పుడు ఏ దోషమూ లేదు. మాట చివర ఒంటరిగా నిలబడితేనే తెలుగు చెవికి దినాలు, పెద్దదినం గుర్తొస్తాయి. తద్దినం నీడ అక్కడ పడింది. అందుకే పత్రికలవారు ఉత్సవాన్ని తోడు తెచ్చారు. ఆ తోడు ఇప్పుడు అతి అయింది. డిసెంబరు 1న 'ప్రపంచ ఎయిడ్స్ దినోత్సవం', మార్చి 24న 'ప్రపంచ క్షయ దినోత్సవం' అని రాస్తున్నారు. రోగానికి ఉత్సవం చేస్తారా? 'క్షయ అవగాహన దినం' అనండి. అక్టోబరు 21న, 1959లో లదాఖ్‌లో ప్రాణాలిచ్చిన పోలీసులను తలచుకునే రోజును సంస్మరణ దినం అనే అనాలి. అక్కడ దినంలోని విషాదం తగినదే. ఆనందం ఉన్నచోట దినోత్సవం, దుఃఖం ఉన్నచోట దినం. రెండూ కానిచోట, అనుమానం వస్తే, 'రోజు' అనండి. రోజు ఎవరినీ నొప్పించదు.

మీ బల్ల మీది తక్కినవాటికి అదే కొలత. జాతీయ పతాక దినోత్సవం నిస్సందేహంగా ఉత్సవమే. 1947లో రాజ్యాంగ సభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించింది ఆ రోజునే. 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య మన భట్లపెనుమర్రు మనిషి. సంస్కృత నిఘంటువుల్లో జయంతికి జెండా అన్న అర్థమూ ఉంది.

'పై దినం' కూడదు. తెలుగులో పై అంటే మీది, తర్వాతి అని. పైవారం అన్నట్టు మరుసటి రోజు అనిపిస్తుంది. 'పై విలువ రోజు' అనండి. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి 3.14కు మార్చి 14 పట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం అనే విజ్ఞాన ప్రదర్శనశాలలో లారీ షా 1988లో ఆ రోజును మొదలుపెట్టాడు. తేదీ ముందు రాసే మనకు 22/7 అంటే జూలై 22. పిల్లలకు ఒక్కమాట చెప్పండి: 22/7 పై విలువ కాదు, ఉజ్జాయింపు. ఆర్యభటుడు 3.1416కు సమానమైన విలువ ఇస్తూ కూడా 'ఆసన్నః' అన్నాడు. దగ్గరిది అని. అంత జాగ్రత్తగా మాట వాడిన దేశంలో పాఠాల్లో 'పై = 22/7' అని ఒప్పజెప్పించడం నాకు నచ్చదు.

మామిడిపండ్ల రోజు అనవచ్చు. అయితే బంగినపల్లి జూన్‌తోనే వెళ్ళిపోతుంది. మన పండుకు మన నెల ఉండగా ఈ తేదీని మోయడం ఎందుకో ఆలోచించండి. ఊయల రోజు అమెరికావాళ్ళది, అక్కడ చెట్ల మధ్య కట్టుకుని పడుకునే వల ఊయల గురించి. పేరు అలాగే వదిలేస్తే మన పిల్లలు పసిపాప ఊయల అనుకుంటారు. మెదడు దినోత్సవం ప్రపంచ నాడీవైద్యుల సమాఖ్య జరిపేది. రోగం పేరు లేదు గనుక దినోత్సవం చెల్లుతుంది, 'మెదడు ఆరోగ్య దినం' అన్నా తప్పనను. బల్ల మీద చోటుంటే శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 బయలుదేరింది 2019లో ఇదే తేదీనని చేర్చండి.

స్వర్ణ జయంతి సంగతి. సంస్థలకు రజత జయంతి, స్వర్ణ జయంతి అనడం చాలాకాలంగా ఉంది, వద్దనలేను. అక్కడ జయంతికి పుట్టుక అర్థం కూడా సడలి, నిండిన ఏళ్ళ పండుగ అనే అర్థం స్థిరపడింది. నన్నడిగితే స్వర్ణోత్సవం అంటాను. ఆహ్వానపత్రిక ఇప్పటికే అచ్చుకు వెళ్ళి ఉంటే స్వర్ణ జయంతిని మార్చనక్కరలేదు. 'స్వర్ణ జయంతి ఉత్సవ వేడుకలు' అని మాత్రం వేయించకండి. ఒక పండుగకు మూడు పండుగ మాటలు అక్కరలేదు.