కెనడాలో థీసిస్ ఎమ్మెస్సీకి అప్లై చేసేవాళ్లకు

"అక్కా, నాకు 8.1 సీజీపీఏ, ఐఈఎల్‌టీఎస్ 7. ఏ యూనివర్సిటీ వస్తుంది?"

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఇలాగే ఉంటాయి. ఎంసెట్ ర్యాంకుకి కాలేజీ వచ్చినట్టే సీజీపీఏకి యూనివర్సిటీ వస్తుందని మనవాళ్ల లెక్క. కెనడాలో కంప్యూటింగ్ సైన్స్ మాస్టర్స్‌కి, అందులోనూ థీసిస్ ఉన్న కోర్సుకి, ఆ లెక్క పనికిరాదు. మార్కులు మిమ్మల్ని గేటు దాకా తీసుకొస్తాయి. తలుపు తీసేది మాత్రం చాలా చోట్ల ఒక ప్రొఫెసర్. "ఈ అమ్మాయిని రెండేళ్లు నా దగ్గర పెట్టుకుంటాను, నా గ్రాంటులోంచి డబ్బు ఇస్తాను" అని ఆయనో ఆవిడో ఒప్పుకోవాలి. కాబట్టి మీ అప్లికేషన్ అంతా ఆ ఒక్క మనిషి చదువుతున్నట్టు ఊహించుకుని రాయండి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీకు థీసిస్ కావాలో వద్దో నిజాయితీగా తేల్చుకోండి. థీసిస్ ఎమ్మెస్సీలో కోర్సులు తక్కువ, పరిశోధన ఎక్కువ. టీచింగ్ అసిస్టెంట్‌గా వారానికి పది, పన్నెండు గంటలు పనిచేస్తే కొంత, ప్రొఫెసర్ గ్రాంటు నుంచి కొంత డబ్బు వస్తుంది. చాలా చోట్ల ఫీజు మళ్లీ ఆ డబ్బులోంచే మనం కట్టుకోవాలి. అందుకని "ఫుల్ ఫండింగ్" అన్న మాట విని మురిసిపోకుండా ఫీజు పోగా చేతిలో ఎంత మిగులుతుందో చూసుకోండి. కోర్సులతోనే అయిపోయే ప్రొఫెషనల్ మాస్టర్స్ వేరు. అక్కడ ఫీజు బాగా ఎక్కువ, ఫండింగ్ ఆశించకూడదు, కానీ ఇంటర్న్‌షిప్ కోర్సులోనే ఉంటుంది. సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో ప్రొఫెషనల్ మాస్టర్స్, టొరంటో యూనివర్సిటీలో అప్లైడ్ కంప్యూటింగ్ ఆ బాపతువి. టొరంటో కోర్సులో ఎనిమిది నెలలు ఏదో ఒక కంపెనీలో పనిచేయాలి. ఉద్యోగమే లక్ష్యమైతే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే, వాటికే వెళ్లండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. పరిశోధన మీద ఇష్టం లేకుండా డబ్బు కోసమే థీసిస్‌లో చేరినవాళ్లు రెండో ఏడాది పడే అవస్థ నేను దగ్గరనుంచి చూశాను.

నేను ఎడ్మంటన్‌లోని అల్బెర్టా యూనివర్సిటీలో చేరడానికి ముందు ఏడాది ఐదు చోట్ల అప్లై చేశాను. ఐదూ పోయాయి. ఒకటే ఎస్‌వోపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఎందుకు చదవాలనుకుంటున్నామో మనం రాసుకునే వ్యాసం), యూనివర్సిటీ పేరు మాత్రం మార్చి పంపాను. అల్బెర్టా, సైమన్ ఫ్రేజర్ రెండూ తమ విభాగాన్ని "కంప్యూటింగ్ సైన్స్" అని పిలుచుకుంటాయి. నేను రాసిన దాంట్లో అంతటా "కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్" అని ఉంది. చదివినవాళ్లకి ఇది అందరికీ పంపిన కాగితం అని మొదటి పేరాలోనే తెలిసిపోయి ఉంటుంది. ఆ ఒక్క మాట కోసం సీటు పోదు. కానీ మనం వాళ్ల పేజీ తెరిచి చూడలేదన్న సంగతి అలాంటి మాటల్లోనే బయటపడుతుంది.

రెండో ఏడాది యూనివర్సిటీల లిస్టు పక్కన పెట్టి ప్రొఫెసర్ల లిస్టు తయారుచేసుకున్నాను. మీరూ అలాగే చేయండి. ర్యాంకింగ్ పట్టికలో ఏడో స్థానమా ఇరవయ్యోదా అన్నది మీ రెండేళ్ల జీవితాన్ని మార్చదు, గైడ్ మారుస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అల్బెర్టా పేరు చెప్పగానే అందరికీ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (చేసిన పనికి వచ్చే ఫలితాన్ని బట్టి ప్రోగ్రాం తనే నేర్చుకునే పద్ధతి) గుర్తొస్తుంది. ఆ పద్ధతికి పునాది వేసినవాళ్లలో ఒకరైన రిచర్డ్ సట్టన్ 2003 నుంచి అక్కడే ఉన్నారు. కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు 2024కి ఆయనకీ ఆండ్రూ బార్టోకీ కలిపి వచ్చింది. అంతకు ముందునుంచీ ఆ విభాగానికి ఆటల మీద పరిశోధన చేసిన పెద్ద చరిత్ర ఉంది. జొనాథన్ షేఫర్ బృందం తయారుచేసిన చినూక్ అనే ప్రోగ్రాం 1994లో చెకర్స్ ఆటలో మనుషుల మీద ప్రపంచ టైటిల్ గెలిచింది. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆ ఆట డ్రా అవుతుందని 2007లో ఆ బృందమే నిరూపించింది. 2015లో ఆ విభాగంలోనే తయారైన సీఫియస్ అనే ప్రోగ్రాం పోకర్ పేకాటలో ఒక రకాన్ని దాదాపు పూర్తిగా సాధించింది. ఇదంతా చదివి మనసు పారేసుకోవడం సహజమే. కానీ మీతో పాటు ప్రపంచం నలుమూలల నుంచీ అప్లై చేసేవాళ్లందరూ ఇదే చదువుతారు. మీకు నిజంగా ఆ రంగంలో చేసిన పని ఉంటే తప్పకుండా అక్కడికే రాయండి. లేకపోతే అదే విభాగంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, డేటాబేస్‌లు, అల్గారిథమ్‌లు, కంపైలర్ల మీద పనిచేసేవాళ్ల పేజీలు తెరవండి. క్యూ అక్కడ చిన్నది. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లని అసలు వదలకండి. వాళ్లకి విద్యార్థులు కావాలి, మీ మెయిల్ చదివే తీరిక కూడా ఉంటుంది.

మెయిల్ రాసేముందు వాళ్ల వెబ్‌పేజీ చివరిదాకా చదవండి. "దయచేసి మెయిల్ చేయకండి, అప్లికేషన్‌లో నా పేరు పెట్టండి" అని చాలామంది రాసి ఉంచుతారు. అలా ఉంటే మెయిల్ చేయకూడదు. కొన్ని చోట్ల కమిటీయే ఎంపిక చేస్తుంది, ముందుగా గైడ్ ఒప్పుకోనక్కర్లేదు. అక్కడ మెయిల్‌తో పెద్దగా పని లేదు. మెయిల్ చేయొచ్చు అనుకున్న చోట సెప్టెంబరు, అక్టోబరులో చేయండి. ఆరేడు వాక్యాలు చాలు. "రెస్పెక్టెడ్ సర్" వద్దు, "డియర్ ప్రొఫెసర్" అని ఇంటిపేరు పెట్టండి. మీరెవరో ఒక వాక్యం, వాళ్ల పేపర్లలో ఏది చదివారో, అందులో మీకు తట్టిన ప్రశ్న ఏమిటో రెండు మూడు వాక్యాలు, మీరు చేసిన పని ఒకటి, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా అన్న ప్రశ్న. ఒకే మెయిల్ నలభై మందికి పంపితే నలభై మందీ డిలీట్ చేస్తారు. ఆరుగురికి ఆరు రకాలుగా రాస్తే ఇద్దరు జవాబివ్వొచ్చు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

ఇక ఎస్‌వోపీ. రెండేళ్ల కిందట ఒకమ్మాయి తనది చూడమని పంపింది. మొదటి వాక్యం "చిన్నప్పటినుంచీ నాకు కంప్యూటర్లంటే అమితమైన ఆసక్తి." రెండో పేరాలో బిల్ గేట్స్. మూడో పేరాలో ప్రాజెక్టు: చేతిరాతలో ఉన్న తెలుగు అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాం, 97 శాతం కరెక్టుగా చెబుతుంది అని ఒకే ఒక్క లైను. ఫోన్ చేసి ఆ ప్రాజెక్టు సంగతి అడిగాను. కాసేపు తటపటాయించి అసలు విషయం చెప్పింది. ఇరవై మంది చేత అక్షరాలు రాయించి, ఆ కాగితాలన్నీ కలిపేసి, కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షించడానికి తీసుకుంది. అంటే ఒకే మనిషి చేతిరాత రెండు వైపులా ఉంది. ప్రోగ్రాం అక్షరంతో పాటు రాసిన చేతిని కూడా నేర్చేసుకుంది. వైవాకి వారం ముందు ఆ సంగతి తనకే అనుమానం వచ్చి, ఆరుగురి కాగితాలు పూర్తిగా పక్కన పెట్టి మళ్లీ నడిపితే 81కి పడిపోయింది. "ఘ"కీ "ఝ"కీ తేడా తెలియడం లేదు. భయపడి రిపోర్టులో 97 అనే ఉంచేసింది.

"ఆ 81 రాయమ్మా" అన్నాను. "బిల్ గేట్స్‌ని తీసెయ్. చిన్నప్పటి సంగతి తీసెయ్. నీ లెక్క నువ్వే ఎందుకు నమ్మలేదో, ఎలా పట్టుకున్నావో, ఇంకో ఆరు నెలలు ఉంటే ఏం చేసేదానివో రాయి."

ఏడ్చినంత పనిచేసింది. తక్కువ నంబరు చూపిస్తే సీటెవరిస్తారని. తప్పు ఆ పిల్లది కాదు. మన చదువుల్లో మార్కు తగ్గితే దాచుకోవడమే నేర్చుకుంటాం. పరిశోధన చేయించుకునేవాళ్లకి కావలసింది మాత్రం తన ఫలితాన్ని తనే అనుమానించే మనిషి. రెండు రోజుల తర్వాత కొత్తది పంపింది. మొదటి వాక్యం ఇది: "నా ప్రోగ్రాం 97 శాతం సరిగ్గా చెప్పింది, కానీ ఆ అంకె తప్పని నాకు వైవాకి ఒక వారం ముందు తెలిసింది." ఆ వాక్యం చదివాక ఏ ప్రొఫెసరైనా రెండో వాక్యం చదవకుండా ఉంటారా?

జనవరిలో తనకి అరగంట వీడియో కాల్ వచ్చింది. సీజీపీఏ ఊసే లేదు. ఆ ఆరుగురిని ఎలా ఎంచుకున్నావు, ఎడమచేతి వాటం వాళ్లు ఉన్నారా, ఇంకో నలుగురిని మారిస్తే 81 ఎంతవుతుందనుకుంటున్నావు అని అరగంటా దాని మీదే. కొన్నిటికి "తెలియదు, చూడలేదు" అని చెప్పిందట. సీటు వచ్చింది.

మీ ప్రాజెక్టులో కూడా ఇలాంటిది ఒకటి ఉండి తీరుతుంది. పనిచేయని చోటు, అనుకున్నట్టు రాని ఫలితం. అది ఎక్కడుందో వెతుక్కోండి. ఇంకొకరు చేసిన ప్రాజెక్టు కొని పెట్టుకున్నవాళ్లకి మాత్రం నేను చెప్పగలిగింది లేదు. ఆ అరగంటలో దొరికిపోతారు. ఎస్‌వోపీ ఏఐతో రాయించినా అంతే. భాష నున్నగా ఉంటుంది, 81 దానికి తెలియదు.

రికమెండేషన్ లెటర్లు చాలా చోట్ల మూడు అడుగుతారు. "నువ్వే రాసుకుని రామ్మా, సంతకం పెడతా" అనే హెచ్‌వోడీలు మనకి కొత్త కాదు. ముగ్గురి పేరుతో ఒకే చేత్తో రాసిన లెటర్లు చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతాయి. మాస్టారికి పనిభారం తగ్గించాలంటే ఒక పేజీలో వివరాలు రాసి ఇవ్వండి: ఏ సబ్జెక్టు చెప్పారు, ఎన్ని మార్కులొచ్చాయి, ల్యాబ్‌లో ఏం జరిగింది, ప్రాజెక్టు ఏమిటి. దాన్నిబట్టి ఆయనే నాలుగు వాక్యాలు రాసినా మీరు రాసుకున్న రెండు పేజీల కంటే విలువ. లెటర్ అప్‌లోడ్ చేసే లింకు నేరుగా ఆయన మెయిల్‌కి వెళ్తుంది. కాలేజీ మెయిల్ ఐడీ ఇవ్వమని అడగండి, జీమెయిల్ ఐడీలను చాలా చోట్ల అనుమానంగా చూస్తారు. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో పడతాయి. మన సెమిస్టర్ పరీక్షల హడావిడీ అప్పుడే. సెప్టెంబరులోనే అడిగి, లింకు స్పామ్‌లో పడిందేమో మీరే కనుక్కోండి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే పెట్టి బ్యాక్‌లాగ్‌లు కనపడవులే అనుకోకండి, సెమిస్టర్ మెమోలన్నీ అడుగుతారు. బ్యాక్‌లాగ్ ఉంటే కారణం ఒక్క వాక్యంలో రాయండి, కథ వద్దు. సీజీపీఏని మీరే నాలుగు పాయింట్ల స్కేలుకి మార్చకండి, మెమోలో ఎలా ఉంటే అలాగే నింపండి. జీఆర్ఈ చాలా చోట్ల తప్పనిసరి కాదు. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. అప్లికేషన్ ఫీజు చాలా చోట్ల వంద డాలర్లు దాటుతుంది, తిరిగి రాదు. అందుకే పన్నెండు చోట్ల అరకొరగా కంటే ఐదు చోట్ల శ్రద్ధగా అప్లై చేయడం మేలు.

కన్సల్టెన్సీకి వెళ్లినా సరే, ఒక్కటి మాత్రం నా మాట వినండి. అప్లికేషన్‌కి వాడే మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. వాళ్లే మీ పేరుతో మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ ఇవ్వకుండా పెట్టుకుంటే ప్రొఫెసర్ నుంచి వచ్చిన ఇంటర్వ్యూ మెయిల్ కూడా మీకు చేరదు. ఏజెంట్లు ఇచ్చిన దొంగ అడ్మిషన్ లెటర్లతో వచ్చిన మన దేశపు విద్యార్థులు కొందరికి 2023లో కెనడా విడిచి వెళ్లాల్సిన పరిస్థితి దాకా వెళ్లింది. ఆ గొడవ తర్వాతే, 2023 డిసెంబరు 1 నుంచి, ప్రతి అడ్మిషన్ లెటర్‌నీ ఇమిగ్రేషన్ శాఖ నేరుగా యూనివర్సిటీనే అడిగి నిర్ధారించుకుంటోంది.

అడ్మిషన్ వచ్చాక స్టడీ పర్మిట్. 2026 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవాళ్లకి ప్రావిన్స్ (అక్కడి రాష్ట్రం) తన కోటాలో చోటు ఉందని ఇచ్చే అటెస్టేషన్ లెటర్ అక్కర్లేదు. క్యుబెక్ ప్రావిన్స్ బయట ఒక్కరికి ఏడాది ఖర్చుల కోసం చూపాల్సిన మొత్తం 2025 సెప్టెంబరు 1 నుంచి 22,895 కెనడా డాలర్లు, ఫీజు దీనికి అదనం. యూనివర్సిటీ ఇచ్చే ఫండింగ్ లెటర్ కూడా ఇందులో లెక్కకి వస్తుంది కాబట్టి తప్పకుండా జత చేయండి. అప్లై చేసే రోజున ఈ అంకెలు ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో మళ్లీ చూసుకోండి.

ఆఫర్ లెటర్ రాగానే సంతోషంలో చివరి పేజీ వదిలేయకండి. ఫండింగ్ ఎన్ని టర్ములకి ఇస్తామన్నారో, మే నుంచి ఆగస్టు దాకా ఉండే టర్ము అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ నాలుగు నెలలూ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ప్రొఫెసర్‌ని మెయిల్‌లో అడగండి. ఏమనుకుంటారోనని మనవాళ్లు మొహమాటపడి ఊరుకుంటారు. ఇక్కడ దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్న విద్యార్థి ఎవరితోనైనా మాట్లాడొచ్చా అని కూడా ఆ మెయిల్‌లోనే అడిగేయండి.